పని చేస్తే పెరిగే నడుం నొప్పి వేరు, పని చేస్తే తగ్గే నడుం నొప్పి వేరు: రైతులు గుర్తుపట్టాల్సిన వెన్నుపూస కీళ్లవాతం



ఘనజీవామృతం గురించో, కందిలో అంతర పంటల గురించో అడగడానికి ఫోన్ చేసినవాళ్లలో చాలామంది చివర్లో ఒక మాట అంటుంటారు. "అన్నా, అన్నీ చేయాలనే ఉందిగానీ నడుం సహకరించట్లేదు." ప్రకృతి వ్యవసాయంలో మందుల ఖర్చు తగ్గుతుంది, కానీ ఒంటి పని పెరుగుతుంది. పేడ ఎత్తాలి, డ్రమ్ములు కలపాలి, ఆకులు కోసి కషాయాలు కాయాలి, ఆచ్ఛాదన పరచాలి. ఈ పనులన్నిటి బరువూ చివరికి మోసేది వెన్నే. అందుకే ఈసారి పంటను పక్కనపెట్టి వెన్ను గురించి మాట్లాడుకుందాం. నిలబడే పద్ధతి, బరువెత్తే పద్ధతి, గోడ పరీక్ష పై వీడియోలో చూపించాను. వివరాలన్నీ ఇక్కడ రాస్తున్నాను.

నేను డాక్టర్ని కాదు. కనిగిరి వైపు మెట్ట రైతుని. నాకు 54 ఏళ్లు, నా నడుంలో అరుగుదల ఉంది. మా అన్న కొడుక్కి 26 ఏళ్లు, వాడికి వెన్నుపూస కీళ్లవాతం. ఒకే ఇంట్లో, ఒకే పొలంలో ఇద్దరికీ నడుం నొప్పే. కానీ రెండు జబ్బులూ వేరు, వైద్యమూ వేరు. ఒకరికి చెప్పిన సలహా ఇంకొకరికి చెడు చేస్తుంది. ఈ తేడా తెలియక పల్లెల్లో కుర్రాళ్లు ఏళ్లకు ఏళ్లు పోగొట్టుకుంటున్నారు.

వెన్ను ఎలా కట్టి ఉంటుంది?

మన వెన్నులో పైనుంచి కిందికి 33 పూసలు. మెడలో 7, ఛాతీ వెనుక 12, నడుంలో 5. ఈ 24 కదులుతాయి. కింద ఉన్న త్రికం 5 పూసలు అతుక్కుని ఒకే ఎముక అయినది. ఆ కింద తోక ఎముక. పూసకీ పూసకీ మధ్య మెత్తటి దిండులాంటి డిస్కు, వెనకవైపు రెండు పక్కలా రెండు చిన్న కీళ్లు ఉంటాయి. తలుపుకి బందుల్లాగా ఈ కీళ్లే వెన్ను వంగడానికీ తిరగడానికీ వీలిస్తాయి.

ఇంకో రెండు కీళ్లు గుర్తుపెట్టుకోండి. త్రికం ఎముక, తుంటి ఎముక కలిసేచోట కుడికొకటి, ఎడమకొకటి ఉంటాయి. పిర్రల పైభాగంలో చిన్న గుంటలు పడతాయి చూడండి, దాదాపు అక్కడే. డాక్టర్లు వీటిని శాక్రోఇలియాక్ కీళ్లు అంటారు. మా వాడి జబ్బు మొదలైంది అక్కడే.

మొదటి రకం: అరుగుదల

నలభై దాటినవాళ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. డిస్కులో తడి తగ్గి పలచబడుతుంది, వెనక కీళ్లలో మృదులాస్థి అరుగుతుంది, అంచుల్లో ఎముక కొద్దికొద్దిగా పెరుగుతుంది. దీన్నే స్పాండిలోసిస్ అంటారు. బండి ఇరుసు అరిగినట్టే అనుకోండి.

దీని గుణం తెలిసిందే. పని చేస్తే పెరుగుతుంది, నడుం వాలిస్తే తగ్గుతుంది. పొద్దున లేవగానే కాస్త బిగుసుకుని ఉంటుంది గానీ పావుగంటలో, మహా అయితే అరగంటలో సర్దుకుంటుంది. సాయంత్రానికి మళ్లీ నొప్పి. వరి కోతలూ మిరప కోతలూ ఉన్న రోజుల్లో ఎక్కువ, ఖాళీ రోజుల్లో తక్కువ.

కొందరికి అరుగుదల వల్ల నరాల దారి ఇరుకవుతుంది. గట్టు మీద కొంచెం దూరం నడవగానే పిక్కలు లాగుతాయి, కాళ్లు బరువెక్కుతాయి. కాసేపు కూర్చున్నా, ముందుకు వంగినా పోతుంది. "సైకిల్ తొక్కితే ఏమీ కాదు, నడిస్తేనే కాళ్లు రావు" అని పెద్దాయన ఎవరైనా అంటే ఇది అనుమానించాలి.

ఇక్కడ ఒక మాట. ఎక్స్‌రేలో "అరిగిపోయింది" అని రాగానే చాలామంది బెంబేలెత్తి వ్యవసాయం మానేద్దామనుకుంటారు. ఏ నొప్పీ లేని మనుషులకు తీసిన స్కాన్లన్నిటినీ కలిపి 2015లో ఒక పరిశీలన ప్రచురించారు. డిస్కు అరుగుదల 20 ఏళ్ల వయసువాళ్లలో 37 శాతం మందికి, 80 ఏళ్ల వాళ్లలో 96 శాతం మందికి కనిపించింది. గుర్తుంచుకోండి, వాళ్లెవరికీ నొప్పి లేదు. అంటే తల నెరవడం లాగే ఇదీ వయసుతో వచ్చే మార్పు. ఫిల్మ్ చూసి భయపడేకంటే మీ నొప్పి తీరు చూసి నిర్ణయించుకోవడం మేలు.

రెండో రకం: వాపుతో వచ్చే వెన్ను కీళ్లవాతం

ఇది అరుగుదల కాదు. మన శరీరంలో రోగాలతో పోరాడాల్సిన వ్యవస్థే దారి తప్పి, వెన్ను కీళ్ల మీదా, కండరాల నరాలు ఎముకకు అతుక్కునే చోట్లా వాపు తెస్తుంది. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అంటారు. వాపు ఏళ్ల తరబడి ఉంటే ఆ చోట కొత్త ఎముక పుడుతుంది, పూసలు ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి. ముదిరిన వాళ్ల ఎక్స్‌రేలో వెన్ను కణుపులున్న వెదురు బొంగులా కనపడుతుంది.

ముసలితనంలో వచ్చేది కాదిది. ఎక్కువగా 20, 30 ఏళ్ల మధ్య మొదలవుతుంది, 45 దాటాక కొత్తగా మొదలవడం అరుదు. ఆడవాళ్లకూ వస్తుంది. కానీ వాళ్ల నొప్పిని కాన్పుల మీదకో, నీరసం మీదకో నెట్టేయడం వల్ల ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది.

మా వాడి సంగతి చెబుతాను. ఇరవై ఒకటో ఏట మొదలైంది. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకు నొప్పితో మెలకువ వచ్చేది. లేచి పశువుల కొట్టంలో పేడ తీసి, గడ్డి వేసి, పాలు పితికేసరికి నడుం వదిలేది. "బాబాయ్, పడుకుంటే పట్టేస్తది, తిరిగితే పోద్ది" అనేవాడు. ఒక వారం కుడి పిర్రలో, ఇంకో వారం ఎడమ పిర్రలో నొప్పి. మడమలు నొప్పి. పగలంతా బస్తాలు మోసే కుర్రాడు కాబట్టి జబ్బు అని ఎవరూ అనుకోలేదు. నిద్ర లేచాక గంటసేపు వంగలేకపోతే బద్ధకం అన్నారు.

తర్వాత పట్నంలో ఒక ఆసుపత్రిలో డిస్కు జారిందన్నారు. నడుముకు బెల్టు, ఆరు వారాలు మంచం దిగొద్దని సలహా. ఈ జబ్బుకి కదలకుండా పడుకోవడమంత చెడ్డది ఇంకోటి లేదు. ఆరు వారాలయ్యేసరికి మెడ కూడా పట్టేసింది. మధ్యలో ఒకసారి ఎడమ కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేకపోయాడు. వరి పొట్టు పడిందనుకుని చుక్కలు వేశారు. ఆ కంటికీ ఆ నడుముకీ ఒకటే మూలమని ఎవరికీ తట్టలేదు.

అయిదేళ్లకు అసలు జబ్బు పేరు తెలిసింది. అప్పటికి ట్రాక్టర్ వెనక్కి తీసేటప్పుడు తల ఒక్కటే తిప్పి చూడలేడు, సీటులో మనిషంతా తిరగాల్సిందే. వైద్యంతో ఇప్పుడు నొప్పి చాలావరకు అదుపులో ఉంది, రాత్రి నిద్ర పడుతోంది, పొలం పని చేస్తున్నాడు. కానీ మెడలో పోయిన ఆ తిరుగుడు మాత్రం తిరిగి రాలేదు. వాపును మందులు తగ్గిస్తాయి, అతుక్కున్న ఎముకను విడదీయలేవు. తొందరగా గుర్తుపట్టాలని ఇంతగా చెప్పేది అందుకే. ఈ జబ్బు మొదలైనప్పటి నుంచి పేరు తెలిసేదాకా సగటున ఆరేడేళ్లు పడుతోందని ప్రపంచవ్యాప్తంగా లెక్కలు చెబుతున్నాయి. మా వాడిదీ దాదాపు ఆ లెక్కే.

ఇంట్లోనే వేసుకోవాల్సిన ప్రశ్నలు

నడుం నొప్పి మూడు నెలలు దాటి ఉంటే, అది 45 ఏళ్ల లోపు మొదలై ఉంటే, ఈ ప్రశ్నలు అడగండి.

1. నొప్పి ఫలానా రోజు బరువెత్తితే వచ్చిందా, ఎప్పుడు మొదలైందో తెలియకుండా మెల్లగా వచ్చిందా?
2. రాత్రి రెండో సగంలో, తెల్లవారుజామున నొప్పితో మెలకువ వస్తోందా?
3. పొద్దున బిగుతు అరగంట కంటే ఎక్కువ ఉంటోందా?
4. పడుకుంటే పెరిగి, పని చేస్తే తగ్గుతోందా?
5. పిర్రల్లో ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు నొప్పి మారుతోందా?
6. మడమ నొప్పి, మోకాలు వాపు, చర్మం మీద సోరియాసిస్, ఎన్నాళ్లైనా తగ్గని రక్త విరేచనాలు ఉన్నాయా?
7. కన్ను ఎర్రబడి నొప్పితో వెలుతురు చూడలేని పరిస్థితి ఎప్పుడైనా వచ్చిందా? ఈ జబ్బు ఉన్నవాళ్లలో సుమారు నలుగురిలో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు ఇలా వస్తుంది.
8. తల్లిదండ్రులు, తోబుట్టువుల్లో ఎవరికైనా ఇలాంటి జబ్బు ఉందా?

రెండు, మూడు, నాలుగు ప్రశ్నలకు "అవును" అని వస్తే ఆలస్యం చేయొద్దు. ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లినా సరే, "నాకు పడుకుంటే నొప్పి, పనిచేస్తే తగ్గుతోంది" అని ఈ మాటల్లోనే చెప్పండి. ఉత్త "నడుం నొప్పి" అంటే అందరికీ రాసే మాత్రలే రాస్తారు. వీలైతే కీళ్లవాతం డాక్టర్ని, అంటే రుమటాలజిస్టుని కలవండి. హైదరాబాద్ నిమ్స్‌లో దీనికి ప్రత్యేక విభాగం ఉంది. పెద్ద పట్టణాల్లో ప్రైవేటుగానూ ఉన్నారు.

గోడ పరీక్ష: మడమలు, పిర్రలు, వీపు గోడకు ఆనించి నిటారుగా నిలబడండి. గడ్డం పైకెత్తకుండా తల వెనకభాగం గోడకు తగలాలి. తగలకపోతే ఎన్ని వేళ్ల ఎడం ఉందో చూసి, నెలకోసారి తేదీతో రాసిపెట్టుకోండి. ఎడం పెరుగుతుంటే డాక్టర్‌కి ఆ కాగితం చూపించండి. ఇదొక్కటే చూసి జబ్బు ఉందనీ లేదనీ తేల్చుకోకండి. వయసు వల్ల వీపు గూడు కట్టినవాళ్లకూ తల తగలదు.

పరీక్షల గురించి

రక్తంలో వాపును చూపే ఈఎస్ఆర్, సీఆర్‌పీ చేస్తారు. ఇవి మామూలుగా వచ్చినా జబ్బు ఉండొచ్చు. హెచ్ఎల్ఏ-బీ27 అనే పరీక్ష కూడా రాస్తారు. అది పాజిటివ్ వచ్చినవాళ్లలో ఎక్కువమందికి జబ్బు అసలు రాదు, కాబట్టి ఆ కాగితం ఒక్కటి చూసి కంగారు పడొద్దు. నెగటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదనీ కాదు. శాక్రోఇలియాక్ కీళ్ల ఎక్స్‌రేలో మార్పు కనపడటానికి కొన్నేళ్లు పడుతుంది. ఎంఆర్ఐలో వాపు ముందే కనిపిస్తుంది. మా వాడికి నడుం ఎంఆర్ఐ రెండుసార్లు తీశారు గానీ, ఆ తుంటి కీళ్ల వైపు తీసింది అయిదో ఏటనే. స్కాన్ రాసినప్పుడు "ఆ కీళ్లు కూడా వస్తాయా సార్?" అని అడగడంలో తప్పు లేదు.

మందులు: భయపడాల్సింది దేనికి, భయపడకూడనిది దేనికి?

మన పద్ధతిలో ఉన్నవాళ్లకు ఇంగ్లిష్ మందులంటే కొంచెం వెనకడుగు ఉంటుంది. పొలానికి ఏం వేయాలో తెలిసి నిర్ణయించుకున్నట్టే ఇక్కడా తెలిసి నిర్ణయించుకుందాం.

ఈ జబ్బుకి మొదట ఇచ్చేవి నొప్పీ వాపూ తగ్గించే మాత్రలు: న్యాప్రోక్సెన్, ఇండోమెథసిన్, ఎటోరికాక్సిబ్ లాంటివి. డాక్టర్ చెప్పిన మోతాదులో కొన్ని వారాలు వాడితే చాలామందికి బాగా తగ్గుతుంది. కానీ అంగడిలో అడిగి తెచ్చుకుని ఏళ్ల తరబడి మింగకూడదు. కడుపులో పుండు, బీపీ, కిడ్నీల మీద దెబ్బ ఉంటాయి. ఉద్దానం లాంటి కిడ్నీ జబ్బుల ప్రాంతాల్లో ఇంకా జాగ్రత్త. పశువులకు వాడే డైక్లోఫెనాక్‌ని మన దేశంలో 2006లో నిషేధించారు. ఆ మందు వేసిన పశువుల కళేబరాలు తిని రాబందులు కిడ్నీలు పాడై చచ్చిపోయాయి. రాబందు ఒళ్లు వేరు, మన ఒళ్లు వేరు. కానీ నొప్పి మాత్ర తేలిక వస్తువేం కాదని అర్థం చేసుకోవడానికి ఆ కథ చాలు. వాడుతుంటే క్రియాటినిన్, బీపీ చూపించుకుంటూ ఉండండి.

ఊళ్లో "ఒక్క సూదితో నొప్పి మాయం" అనేవాళ్లు ఇచ్చేది చాలాసార్లు స్టెరాయిడ్. రెండు రోజులు హాయిగా ఉంటుంది. పదే పదే వేయించుకుంటే ఎముక గుల్లబారుతుంది, షుగర్ పెరుగుతుంది. వెన్ను వాపుకి స్టెరాయిడ్ దీర్ఘకాలం వాడటం సరైన వైద్యం కాదు.

మాత్రలతో ఆగకపోతే బయోలాజిక్స్ అనే ఇంజెక్షన్లు ఉన్నాయి. అడాలిముమాబ్, ఎటనర్సెప్ట్, సెక్యుకినుమాబ్ లాంటివి. వాపు తెచ్చే సంకేతాలను ఇవి అడ్డుకుంటాయి. అడాలిముమాబ్ మన దేశంలోనే తయారై 2014 నుంచి దొరుకుతోంది, దాంతో ధర కొంత దిగింది. అయినా పేద రైతుకి భారమే. ఇవి మొదలుపెట్టే ముందు క్షయ పరీక్ష తప్పనిసరి, ఎందుకంటే లోపల నిద్రపోతున్న క్షయ వీటితో లేస్తుంది. మా వాడికి ఛాతీ ఎక్స్‌రే, క్షయ పరీక్ష అయ్యాకే మొదలుపెట్టారు. జ్వరం వస్తే వెంటనే ఫోన్ చేయమన్నారు.

బీడీ, చుట్ట, సిగరెట్ తాగేవాళ్లలో వెన్ను అతుక్కోవడం ఎక్కువగా ఉంటుంది. డబ్బు ఖర్చు లేని వైద్యం అది మానేయడమే.

మన పల్లెల్లో వెన్నును పట్టే మరో మూడు

*క్షయ:* క్షయ ఊపిరితిత్తులకే వస్తుందనుకుంటాం, వెన్నుకీ వస్తుంది. ఒకేచోట తగ్గని నొప్పి, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, వెన్నులో గూని లేవడం దీని గుర్తులు. మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. ఆలస్యమైతే కాళ్లు పడిపోతాయి.

*బ్రూసెల్లా:* ఆవుల్ని పెంచే మనం దీన్ని ప్రత్యేకంగా తెలుసుకోవాలి. ఆవు నెలలు నిండకుండా ఈసుకుపోయిందంటే బ్రూసెల్లా అనే సూక్ష్మజీవి కారణం కావచ్చు. ఆ మాయను, ద్రవాలను ఒట్టి చేతులతో ముట్టుకున్నా, పచ్చిపాలు తాగినా మనకూ అంటుతుంది. వచ్చీపోయే జ్వరం, చెమటలు, నడుం నొప్పి, తుంటి కీళ్ల వాపు తెస్తుంది. చూడ్డానికి మా వాడి జబ్బులాగే ఉంటుంది, వైద్యం మాత్రం వారాల తరబడి యాంటిబయాటిక్స్. పశువులున్నాయని డాక్టర్‌కి మీరే చెప్పాలి. పాలు కాచి తాగండి. ఈనేటప్పుడు సాయం చేస్తే తొడుగులు వేసుకోండి. ఈసుకుపోయిన పిండాన్ని, మాయను కుక్కలకు వదలకుండా లోతుగా గుంట తీసి సున్నం వేసి పూడ్చండి. పెయ్య దూడలకు 4 నుంచి 8 నెలల వయసులో టీకా వేయించండి. 2019లో మొదలైన జాతీయ పశు వ్యాధుల నియంత్రణ కార్యక్రమంలో ఇది ఉంది.

*ఫ్లోరైడ్:* మా ప్రకాశం వాళ్లకూ నల్గొండ వాళ్లకూ చెప్పక్కర్లేదు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ని మొదట నమోదు చేసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న బోరునీళ్లు ఏళ్ల తరబడి తాగితే వెన్ను చుట్టూ ఉన్న నరాల పట్టీలు ఎముకలా గట్టిపడి, మెడా నడుమూ వంగవు. పళ్ల మీద గోధుమరంగు మచ్చలు, ఊళ్లో చాలామందికి ఇదే బాధ ఉండటం గుర్తులు. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే దారి లేకపోతే 1.5 వరకు. నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదు, ఇంకా చిక్కబడుతుంది. నీళ్లు పరీక్ష చేయించండి. నది నీళ్లు వస్తుంటే అవే తాగండి.

పొలం పనిలో చేసుకోవాల్సిన మార్పులు

ఇవి రెండు రకాల నొప్పికీ పనికొస్తాయి.

*ఎత్తడం:* 1999లో ఒక మనిషి నడుం డిస్కులో సన్న పరికరం పెట్టి ఒత్తిడి కొలిచారు. మామూలుగా నిలబడినప్పుడు ఒత్తిడి 1 అనుకుంటే, 20 కిలోల బరువు ఒంటికి దగ్గరగా పట్టుకుంటే రెండింతలు దాటింది. మోకాళ్లు వంచి అదే బరువు ఎత్తితే మూడింతలు దాటింది. నడుం గుండ్రంగా వంచి ఎత్తితే నాలుగున్నర రెట్లు దాటింది. బరువు అదే, ఎత్తే తీరే తేడా. మోకాళ్లు వంచండి, బరువు పొట్టకు ఆనించండి, తిరగాలంటే నడుం మెలితిప్పకుండా అడుగులు వేసి తిరగండి.

*జీవామృతం:* 200 లీటర్ల డ్రమ్ముని నేలమీద పెట్టి బక్కెట్లతో తోడొద్దు. రెండడుగుల దిమ్మె కట్టి దానిమీద పెట్టండి, అడుగున కుళాయి బిగించండి. నీళ్ల పైపు డ్రమ్ము దాకా రావాలి. వడకట్టి డ్రిప్పులోకి వదిలితే మోత అసలే లేదు. మోయక తప్పకపోతే 20 లీటర్ల బక్కెట్ ఒక చేత్తో కంటే 10 లీటర్ల క్యాన్లు రెండు చేతులా పట్టుకోవడం మేలు. కలిపే కర్ర మీ రొమ్ము ఎత్తు దాకా ఉండాలి.

*స్ప్రేయర్:* 16 లీటర్ల ట్యాంకు నింపితే నీళ్లే 16 కిలోలు, ట్యాంకు బరువు అదనం. సగం నింపండి. నేలమీదనుంచి వీపుకెత్తుకోకుండా గట్టు మీద పెట్టి, వెనక్కి తిరిగి పట్టీలు తగిలించుకోండి. రెండు పట్టీలూ వేసుకోవాలి.

*కలుపు:* ఆచ్ఛాదన మందంగా ఉంటే వంగే పనే సగం పోతుంది. నేలకూ నడుముకూ ఒకటే మందు! వరుసల్లో నాటిన వరిలో కోనో వీడర్ నిలబడే తోయొచ్చు. మెట్టలో పొడుగు పిడి పెట్టించుకోండి. వంగి చేసే పని అరగంట దాటితే రెండు నిమిషాలు లేచి, చేతులు నడుం మీద పెట్టి వెనక్కి వాలండి.

*ట్రాక్టర్:* దిగేటప్పుడు దూకొద్దు. సీటు స్ప్రింగు పాడైతే బాగు చేయించండి.

రోజూ చేయాల్సింది

అరుగుదల ఉన్నవాళ్లు నొప్పి బాగా ఉన్నప్పుడు ఒకటి రెండు రోజులు పని తగ్గించుకోవచ్చు, అంతకుమించి మంచాన పడొద్దు. నడక, వెల్లకిలా పడుకుని మోకాళ్లు వంచి పిర్రలు పైకెత్తడం, పొట్ట కండరాలు బలపడే వ్యాయామాలు చేయాలి. నడిస్తే కాళ్లు లాగేవాళ్లకు భుజంగాసనం లాంటి వెనక్కి వంగేవి పడవు, అడిగి చేయండి.

కీళ్లవాతం ఉన్నవాళ్లకు వ్యాయామం మందుతో సమానం. మా వాడు పొద్దున వేడినీళ్ల స్నానం అయ్యాక 20 నిమిషాలు చేస్తాడు: మార్జాలాసనం, మెడ అటూ ఇటూ తిప్పడం, గోడకు ఆని నిటారుగా నిలబడటం, పక్కటెముకలు విచ్చుకునేలా లోతైన ఊపిరి. రాత్రి పావుగంట బోర్లా పడుకుంటాడు. దిండు పలచగా, పరుపు గట్టిగా ఉండాలి. వెన్ను అతుక్కుంటే నిటారుగానైనా ఉండాలి, ముందుకు వంగిపోయి కాదు.

పొలం పని చేస్తున్నాం కదా, వ్యాయామం ఎందుకు అంటారు. పొలం పనంతా ముందుకు వంగేదే. ఈ వ్యాయామం వెనక్కి తెరుచుకునేది.

ఆకు, నూనె, నడుం తొక్కించుకోవడం

వావిలాకు కాచిన నీళ్ల స్నానం, నువ్వుల నూనె మర్దనా, ఇసుక కాపడం హాయినిస్తాయి. వేడికి కండరం వదులవుతుంది. చేసుకోండి. కానీ వాపు జబ్బుని అవి ఆపలేవు, డాక్టర్ మందు బదులుగా వాటిని వాడొద్దు. పత్యాల విషయంలోనూ అంతే. ఏ ఒక్క తిండితోనో ఈ జబ్బు పోతుందని రుజువు లేదు.

ఇక ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో నడుం తన్నించుకోవడం, మెడ విరిపించుకోవడం. కీళ్లవాతం ఉన్నవాళ్లు దీని జోలికి అసలు పోవద్దు. అతుక్కున్న వెన్ను గట్టిగా కనిపిస్తుంది గానీ లోపల పెళుసు. చిన్న దెబ్బకే విరిగి నరాలు తెగే ప్రమాదం ఉంది. ఇలాంటివాళ్లు జారిపడి కొత్తగా నొప్పి వస్తే, అది చిన్నదే అనిపించినా స్కాన్ తీయించుకోవాలి.

ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాల్సినవి

మూత్రం బిగుసుకుపోయినా, తెలియకుండా మూత్రమో విరేచనమో పోతున్నా. కూర్చునే చోట తిమ్మిరెక్కి స్పర్శ లేకపోయినా. కాలు బలం తగ్గి పాదం ఈడుస్తున్నా. నడుం నొప్పితో జ్వరం ఉన్నా. చెట్టుమీద నుంచో బండిమీద నుంచో పడ్డాక నొప్పి వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. కన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకపోతే కంటి డాక్టర్ దగ్గరికి ఆ రోజే వెళ్లాలి. పెద్దవయసు ఆడవాళ్లకు బిందె ఎత్తగానే ఉన్నట్టుండి వెన్నులో పోటు వస్తే గుల్లబారిన పూస నలిగిందేమో చూపించాలి.

మీ ఊళ్లో పాతికేళ్ల కుర్రాడు ఎవరైనా తెల్లవారుజామున నడుం పట్టుకుని లేచి తిరుగుతుంటే, పై ఎనిమిది ప్రశ్నలు చదివి వినిపించండి. సమాధానాలు కాగితం మీద రాసి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లమనండి. వ్యాయామాలు ఎలా చేయాలో, ఎక్కడ ఆపాలో వచ్చే వీడియోలో మా వాడే చేసి చూపిస్తానన్నాడు. డ్రమ్ము దిమ్మె కొలతలు కూడా అందులోనే పెడతాను.